రెండు గుర్తుల్లో ఏది అబద్ధం

బళ్ళో పనిచేసినన్నాళ్ళూ నేను భయపడ్డ రోజుల్ని మూడు రకాలుగా విడదీయగలను. తనిఖీకి వస్తున్నారని కబురొచ్చిన రోజులు ఒక రకం. పిల్లల్ని బస్సెక్కించి ఎక్కడికైనా తీసుకెళ్ళి, మళ్ళీ బడి గేటులో దింపి తలలు లెక్కపెట్టుకునేదాకా గడిచిన రోజులు రెండో రకం. మూడో రకంలో ఒక్క రోజే ఉంది. దాన్ని దేనితోనూ కలపలేక విడిగా ఉంచాను.

ఇప్పుడు నేను బళ్ళో లేను. ఉక్కు కడ్డీల నాణ్యత చూసే పనిలో ఉన్నాను. ఉక్కుని ప్రశ్న అడిగితే జవాబు చెబుతుంది, ఆ జవాబు వల్ల దాని ఇల్లేమీ గడవకుండా పోదు. మనుషుల్ని అడగడం వేరు. కొత్తగా బళ్ళలో చేరి, పిల్లల చేత ప్రాజెక్టులు చేయించబోతున్న వాళ్ళకోసం ఇది రాస్తున్నాను. ఎవరి పేరూ రాయడం లేదు. కొండలు, కట్టడాలు కూడా ఉన్నవి ఉన్నట్టు రాయలేదు, మార్చాను. ఎందుకు మార్చానో చదువుతుంటే మీకే తెలుస్తుంది.

మా నాన్న ఉక్కు ఫ్యాక్టరీ ఉద్యోగానికి గోదావరి వైపు నుంచి విశాఖపట్నం వచ్చి ఇక్కడే ఉండిపోయారు. నేను మెకానికల్ ఇంజనీరింగ్ చదివాను. చదువుకి తగిన పని దొరికేలోపు జాలరిపేట పక్కనే ఉన్న ఒక బళ్ళో, తొమ్మిదో తరగతి పిల్లల చేత ప్రాజెక్టులు చేయించే పనికి కుదిరాను. పిల్లలు ఏ విషయం రాసినా అది ఎక్కడినుంచి తెచ్చారో వాళ్ళ చేత రాయించాలి. అది నమ్మదగినదో కాదో వాళ్ళ చేతే తేల్పించాలి. అదీ నా పని.

మొదట్లో వాళ్ళు రాసిన ఆధారాలు ఇలా ఉండేవి: గూగుల్. మా అన్నయ్య ఫోను. టీవీ. ఒకడు తిమింగలాల మీద రెండు పేజీలు చక్కగా రాసుకొచ్చి, చివర్న ‘మరిన్ని వివరాల కోసం ఇక్కడ నొక్కండి’ అని కూడా రాసి, కింద ఎర్ర సిరాతో గీత గీశాడు. స్టాఫ్ రూములో నేను తల పట్టుకుంటే, రిటైరవడానికి దగ్గర్లో ఉన్న మా తెలుగు మాస్టారు ఆ పేజీ తీసుకుని చదివి, "ఇంజనీరు గారూ, వీడు నిజాయితీపరుడండీ. కళ్ళకి కనపడిందల్లా రాశాడు, ఒక్క ముక్క దాచుకోలేదు," అన్నారు.

అందుకని ఐదు ప్రశ్నలు తయారుచేసి గోడకి అంటించాను. ఎవరు చెప్పారు? ఎప్పుడు చెప్పారు? కళ్ళారా చూసి చెప్పారా, విని చెప్పారా? ఇంకొకరు కూడా అదే మాట చెబుతున్నారా? వాళ్ళ మాటని వాళ్ళ పేరుతోనే రాశావా? పిల్లలు వాటికి పోలీసు ప్రశ్నలని పేరు పెట్టారు. ఒకరి హోంవర్కు ఒకరు చూసి రాసినా సరే, కింద ‘ఆధారం: మూడో బెంచీ’ అని రాసేంతవరకు వచ్చారు. అది చూసి హెడ్మిస్ట్రెస్ నా మీద కోప్పడ్డారు గాని, లోపల నాకు సంతోషంగానే ఉంది.

ఆ తరగతిలో ఒక అమ్మాయి ఉండేది. తండ్రి సముద్రం మీదికి వేటకెళ్తాడు, తల్లి బీచ్ రోడ్డు పక్కన చేపలమ్ముతుంది, తాత వయసైపోయి ఒడ్డునే ఉంటాడు. ప్రాజెక్టుకి ఏం తీసుకుంటావని అడిగితే, "మా తాత సముద్రంలో సోటు ఎలా కనుక్కుంటాడో రాత్తాను సార్," అంది.

ఆ చోటు గురించి కొంచెం చెప్పాలి. సముద్రం అడుగున కొన్ని చోట్ల రాళ్ళు ఉంటాయి. రాళ్ళున్న చోట పెద్ద చేపలు ఉంటాయి. పైనుంచి చూస్తే అంతా ఒకటే నీళ్ళు. అందుకని పాతవాళ్ళు ఒడ్డు మీది వస్తువుల్ని గుర్తులుగా పెట్టుకుంటారు. ఆ పిల్ల తాత చెప్పిన గుర్తులు రెండు. ఒకటి, ఒడ్డున ఉన్న నీళ్ళ ట్యాంకు, దాని వెనక కొండ మీద ఉన్న టవరు. ఈ రెండూ ఒకదాని వెనక ఒకటి వచ్చేలా పడవని పెట్టుకుని తిన్నగా బయటికి పోవాలి. ఇది దారి. రెండోది, దక్షిణం వైపు కొండలు. ఒడ్డు దగ్గర ఉన్నంతసేపూ అవి ఒకదాని చాటున ఒకటి దాక్కుని ఉంటాయి. బయటికి పోయేకొద్దీ వెనకవి బయటపడుతూ వస్తాయి. రెండో కొండ సగం కనిపించేసరికి పడవ ఆపాలి. ఇది దూరం. దారీ దూరమూ తెలిస్తే చోటు దొరికినట్టే.

ఆ అమ్మాయి నా ఐదు ప్రశ్నలకీ జవాబులు తెచ్చింది. చెప్పింది తాత. స్వయంగా వెళ్ళిన చోటు. ఇంకొకరెవరు చెబుతున్నారు అంటే, నాన్న. తండ్రి కూడా ట్యాంకు, టవరు, సగం కొండ అనే చెప్పాడట. ఇద్దరి మాటా కలిసింది. నేను ఐదు టిక్కులు పెట్టాను. ఇద్దరూ ఒకే ఇంటివాళ్ళని, ఒకే చోటు మీద బతుకుతున్నవాళ్ళని, వాళ్ళ మాట కలవడం వింత కాదని నాకు తట్టలేదు.

చార్టు బడి ప్రదర్శనలో పెట్టేముందు పెద్దాయన్ని అడగాలనిపించి వాళ్ళింటికి వెళ్ళాను. ఆయన గుమ్మంలో కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు. వెనక అమ్మాయి తండ్రి వల బాగుచేసుకుంటున్నాడు.

"తాతగారూ, మీరు చెప్పిన గుర్తులు చార్టు మీద వేసి గోడకి పెడుతున్నాం. ఊరందరూ చూస్తారు. మీకు అభ్యంతరం లేదు కదా?"

"సూడనీ మేస్టారూ. కళ్ళున్నోల్లందర్నీ సూడనీ. నా పేరు మాత్రం పెద్దచ్చరాల్తో ఎయ్యండి."

"అందరికీ తెలిసిపోతే మీకు ఇబ్బంది కదా అని..."

"నాకేటిబ్బంది? నాను సెప్పినదే కదా ఏసినారు."

వెనక తండ్రికి దగ్గొచ్చింది. నాకు మాత్రం దగ్గులాగే అనిపించింది. అంత తేలిగ్గా ఒప్పుకున్నందుకు పెద్దాయన మనసు గొప్పదనుకుని ఇంటికొచ్చాను.

ప్రదర్శనకి జాలరిపేట సగం వచ్చింది. ఆ చార్టు ముందు కుర్రాళ్ళు గుంపుగా నిలబడి నవ్వుకుంటూ ఫోన్లతో ఫొటోలు తీసుకున్నారు. పిల్లల పనికి అంత విలువ దక్కిందని నేను హెడ్మిస్ట్రెస్‌కి చూపించాను కూడా.

ప్రదర్శన అయిన తర్వాతి వారంలో ఒక పొద్దున, పాఠం మధ్యలో గేటు దగ్గర అరుపులు వినిపించాయి. కిటికీలోంచి చూస్తే చీర బొడ్లో దోపుకున్న ఒకావిడ గేటు చువ్వలు పట్టుకుని ఊపుతోంది. ఆ అమ్మాయి తల్లి కాదు, బస్టాపు దగ్గర చేపలమ్మే ఇంకొకావిడ. రోజూ బస్సు దిగేటప్పుడు చూస్తాను.

"ఆ బొమ్మలేయించిన మేస్టారెవుడు? బయటికి రమ్మనండి! నా కొడుకేడీ అని అడగాల ఆడ్ని!"

నా చేతిలోని చాక్‌పీసు ఎప్పుడు కింద పడిందో తెలీదు. హెడ్మిస్ట్రెస్ వరండాలో గబగబా నడిచి వచ్చి తలుపు దగ్గర ఆగారు. గొంతు తగ్గించి, "తెల్లారకముందు ముగ్గురు కుర్రాళ్ళు పడవ వేసుకుని వెళ్ళారట. మన చార్టు ఫొటో పట్టుకుని వెళ్ళారట. మిగతా పడవలన్నీ వచ్చేశాయి, వీళ్ళది రాలేదు. మీరు బయటికి వెళ్ళకండి. గేటు తాళం వేయించాను," అన్నారు.

వెళ్ళకూడదనే అనుకున్నాను. భయమేసినప్పుడు మంచి సలహా ఎవరిచ్చినా తీసుకోవడం నాకు అలవాటే. కాని అప్పటికే ఆ అమ్మాయి బెంచీలోంచి లేచింది. నన్ను అడగలేదు, హెడ్మిస్ట్రెస్‌ని అడగలేదు. గోడ దగ్గరికి వెళ్ళి తన చార్టు మేకుల నుంచి ఊడదీసి, చుట్టి, చంకలో పెట్టుకుని బయటికి నడిచింది. ఒక పిల్ల ఒంటరిగా ఆ గేటు దాటితే జరగబోయేది తలచుకోగానే నా కాళ్ళు వాటంతట అవే కదిలాయి.

గేటు తాళం తీయించి ఆ పిల్ల వెనకే ఒడ్డుకి వెళ్ళేసరికి ఇసకలో జనం నిండిపోయారు. ఎవరూ నన్ను కొట్టలేదు. కొడతారేమోనని భుజాలు బిగబట్టుకుని నడిచాను. వాళ్ళు నాకు దారి వదిలారు. అది ఇంకా భయంగా ఉంది. గేటు దగ్గర అరిచినావిడ ఇక అరవడం లేదు. నా పక్కనే నడుస్తూ మెల్లగా, "ఒక్కడే మేస్టారూ నాకు. ఆడొక్కడే," అంది.

అధికారులకి ముందే ఫోన్ చేశారట. వాళ్ళు తమ బోటు పంపుతామన్నారు, ఎటువైపు వెతకాలో చెప్పమన్నారు. ఫోన్లో జీపీఎస్ ఉంటుంది కదా, అని మీరు అడగొచ్చు. నేనూ అడిగాను. ఒక కుర్రాడు విసుగ్గా, "మనమెక్కడున్నామో అది సెప్తాది సార్. సేపలెక్కడున్నాయో సెప్పదు. ఆల్లు ఫోనెత్తితే కదా ఆల్లెక్కడున్నారో మనకి తెలిసీది. సిగ్నల్ అందట్లేదు," అన్నాడు.

ఆ అమ్మాయి చార్టు ఇసకలో పరిచింది. నాలుగు మూలలా నాలుగు రాళ్ళు పెట్టింది. మగవాళ్ళు వంగి చూశారు. ట్యాంకు, టవరు, సగం కొండ. ఒక చార్టు సరిగ్గా ఉండాలని నేను అంతగా కోరుకోవడం అదే మొదటిసారి. అదే చివరిసారి కావాలనీ కోరుకుంటున్నాను. నిమిషాల్లో మూడు పడవలు అలల్లోకి తోశారు.

గాలి కొండల వైపునుంచి సముద్రంలోకి కొడుతోంది. ఇంజను ఆగిన పడవని అలాంటి గాలి ఇంకా ఇంకా బయటికి నెట్టుకుపోతుందని నా పక్కన ఎవరో అంటున్నారు. బయట, పోర్టులోకి వంతు వచ్చేదాకా ఆగిన పెద్ద ఓడలు వరసగా కనిపిస్తున్నాయి. రోజూ బస్సులోంచి వాటిని చూసి అందంగా ఉన్నాయనుకునేవాణ్ణి. అవి కదిలితే కింద ఉన్న చిన్న పడవ పైవాళ్ళకి కనపడదట. ఆ మాట విన్నాక వాటివైపు చూడలేకపోయాను.

పెద్దాయన ఒడ్డునే ఉన్నాడు, బోర్లించిన తమ పడవకి ఆనుకుని. ఆ రోజు వాళ్ళ ఇంజను విప్పి రిపేరులో ఉంది కాబట్టి కొడుకు కూడా పక్కనే నిలబడి ఉన్నాడు. నోట్లో చుట్ట ఆరిపోయినా పెద్దాయన తీయలేదు.

మధ్యాహ్నం దాటాక మూడు పడవలూ తిరిగొచ్చాయి. మూడే. చార్టు చెప్పిన చోటా, దాని చుట్టుపక్కలా చూశామన్నారు. పడవ లేదు, వల లేదు, ఒక డబ్బా కూడా తేలుతూ కనపడలేదు.

అప్పుడు ఆ తల్లి లేచింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. తిన్నగా పెద్దాయన ముందుకెళ్ళి నిలబడింది.

"మావా, నా కొడుకు ఎర్రోడేటి?"

ఆయన ఆరిన చుట్టని పళ్ళ మధ్య ఇటునుంచి అటు జరుపుకున్నాడు.

"నువ్వు కాయితం మీద ఏయించినావని, అదే నిజమని నమ్మి ఎల్లిపోతాడేటి ఆడు? ఈ పేటలో పుట్టినోడు కదా. ముసిలోల్లు రెండు గుర్తులు సెప్తే అందులో ఒకటి తిప్పి సెప్తారని ఆడికి తెల్దేటి? నీ అబద్దాన్ని సరిసేసుకోడానికి ఎల్లుంటాడు. ఏది తిప్పినావు? టేంకా, కొండా?"

చుట్టూ చూశాను. ఎవరి ముఖంలోనూ ఆశ్చర్యం లేదు. ఆడవాళ్ళకి, కుర్రాళ్ళకి, నాతో సూడనీ అన్న ఆ ముసలాయనకి, అందరికీ తెలిసిన సంగతే అది. చార్టు ముందు నిలబడి కుర్రాళ్ళు ఎందుకు నవ్వుకున్నారో అప్పుడర్థమైంది. పొద్దున వెళ్ళిన పడవలవాళ్ళు కూడా, ముసలాయన అడిగినా చెప్పడని, అందులో సగమైనా నిజం కదా అని వెళ్ళినవాళ్ళే. ఆ జనంలో ఆ చార్టుని నమ్మినవాళ్ళం ఇద్దరమే. నేను, ఆ అమ్మాయి.

ఆవిడ అడిగిన ప్రశ్నకి జవాబు ఒక్క ముక్క. కాని దాని ఖరీదు ఒడ్డున నిలబడ్డ ప్రతివాడికీ తెలుసు. తిప్పింది ట్యాంకైతే కుర్రాళ్ళు ఒకవైపు వెళ్ళి ఉంటారు, కొండైతే ఇంకోవైపు. రెండు వైపులా వెతకడానికి పొద్దు లేదు. నిజం చెబితే ముగ్గురూ దొరకొచ్చు. కాని నిజం ఇంతమంది ముందు ఒకసారి నోరు దాటితే, ఆ ఇంటిని ఇన్నాళ్ళూ పోషించిన చోటు రేపు పొద్దున్నుంచి పేటందరిదీ అవుతుంది. కొడుకు తండ్రివైపు చూస్తున్నాడు. అతనికీ తెలుసు, చెప్పగలడు. కాని పెద్దవాడు ఉండగా ఆ గుర్తు గురించి కొడుకు నోరు విప్పడం ఆ ఇంట్లో లేదు.

"సెప్పు మావా," అంది ఆవిడ. ఇంకెవరో "సెప్పు పెదనాన్నా," అన్నారు. ఆయన సముద్రంవైపే చూస్తున్నాడు. ఆయన చెప్పడేమోనన్న భయం నాకు అప్పుడే మొదటిసారి వచ్చింది. మనిషి అలా కూడా ఉండగలడని అప్పటిదాకా అనుకోలేదు.

అప్పుడు ఆ అమ్మాయి వెళ్ళి ఆయన ముందు ఇసకలో కూర్చుంది.

"తాతా. నాక్కూడా అబద్దమే సెప్పినావా?"

ఆయన ఆ పిల్ల ముఖంలోకి చూశాడు. చుట్ట నోట్లోంచి తీశాడు.

"నువ్వు రాసుకోడానికడిగినావు. రాసుకోడానికి సెప్పినాను. ఎల్లడానికి కాదు."

"ఇప్పుడు ఎల్లడానికడుగుతన్నాను."

ఆ పిల్ల కళ్ళు పక్కకి తిప్పలేదు. ఆయనే తిప్పాడు. చేత్తో దక్షిణం వైపు చూపించాడు. ఆ చెయ్యి వణకడం నేను దగ్గర్నుంచి చూశాను.

"కొండ," అన్నాడు. "టేంకు నిజమే. కొండ సగం కాదు. రెండోది పూర్తిగా తేలాల. దానెనకాల మూడోది పొడిసీదాకా బయటికెల్లాల. నా ఈడులో ఆ సోటు దాటి ఎవుడూ పోలేదు. ఆల్లు కొండే తిప్పినానని అనుకునుంటే ఆ గీత మీదే ఎల్లుంటారు. గాలికి ఇంకా ముందుకి కొట్టుకుపోయుంటారు. ఎల్లండి. నిలబడి సూత్తారేటి? ఎల్లండి!"

చివరి మాట అరిచాడు. కొడుకు ముందుగా పరిగెత్తి ఎవరి పడవలోకో ఎక్కేశాడు. ఈసారి ఐదు పడవలు వెళ్ళాయి. ఒకతను అధికారుల బోటుకి ఫోన్ చేసి చెబుతున్నాడు.

ఆ తర్వాత ఎదురుచూడడమే. తెలుగు మాస్టారు ఎప్పుడొచ్చారో వచ్చి నా పక్కన కూర్చున్నారు.

"మేడం మిమ్మల్ని లోపలికి రమ్మంటున్నారండీ," అన్నారు.

"వెళ్ళమంటారా?"

"నన్నూ రమ్మన్నారు. నేనేమో మిమ్మల్ని తీసుకురావడానికి వచ్చానని చెప్పి ఇక్కడ కూర్చున్నాను. మీరు లేస్తే నేనూ లేవాలి. మోకాళ్ళ నొప్పులండీ నాకు."

ఇద్దరం లేవలేదు. కాసేపటికి ఆయనే, "దొరకలేదనుకోండి..." అని ఆపేశారు. ఆ మాట నా తలలో పొద్దున్నుంచీ తిరుగుతూనే ఉంది. దొరకకపోతే ఒకటి, ఆ ముగ్గురు తల్లుల ముఖాలు. రెండు, ఆ అమ్మాయి ఇక జీవితంలో ఎవరినైనా ఏదైనా అడుగుతుందా అన్నది. మూడు, గోడ మీద నా ఐదు ప్రశ్నలు. ఇలా వరసపెట్టుకుంటే భయం తగ్గుతుందని నాకు నమ్మకం ఉండేది. ఆ రోజు ఒక్క అంకె కూడా సాయం రాలేదు.

పొద్దు కొండల వెనక్కి దిగుతుండగా ముందు పిల్లలు చూశారు. తర్వాత ఆడవాళ్ళు. పడవలు. వాటిలో ఒకదాని వెనక తాడుతో కట్టిన ఇంకో పడవ. ఒడ్డంతా మనుషుల్ని లెక్కపెడుతోంది. లాక్కొస్తున్న పడవలో ఒకడు కూర్చున్నాడు. ఒకడు పడుకుని ఉన్నాడు. మూడోవాడు కనపడలేదు. ఆ తల్లి నా చెయ్యి పట్టుకుంది. ఎవరి చెయ్యో తెలిసి పట్టుకోలేదనుకుంటాను. అల మీద పడవ పైకి లేచినప్పుడు, ముందు పడవలో దుప్పటి కప్పుకుని మూడో తల కనిపించింది.

నీళ్ళలో తిరిగే పంకాకి వల చుట్టుకుని ఇంజను ఆగిపోయిందట. ఓడలు నిలబడే చోటు దాకా కొట్టుకుపోయారట. ఆ కుర్రాడు ఇసకలో దిగగానే తల్లి వాడి చెంప మీద ఒక్కటిచ్చింది. తర్వాత వాడి తల గుండెకేసి పట్టుకుంది. తర్వాత మళ్ళీ ఇంకొకటిచ్చింది.

"రాళ్ళు దొరికినాయేట్రా?" అని గుంపులోంచి ఎవరో అడిగారు. ప్రాణాలు దక్కాయన్న ధైర్యం వచ్చాక మొదట వచ్చే ప్రశ్న అదే.

"ఏటి దొరుకుతాయి? మాం అక్కడికి సేరకముందే ఇంజను ఆగిపోనాది."

"మీరు ఎల్లినారు కదా బావా, ముసిలోడు సెప్పిన సోటికి. ఏటైనా ఉందేటి?"

వాళ్ళని లాక్కొచ్చిన పడవ నడిపినతను నవ్వాడు. "ఆల్లకోసం సూసుకుంటా ఎల్లినాం గాని అడుగు సూసినామేటి? అయినా ఉంటాదనేటి నువ్వు నమ్మీసినావు? ముసిలోడు మల్లీ తిప్పీసుంటాడు. అంతమంది ముందర నిజం సెప్తాడేటి!"

అందరూ నవ్వారు. పొద్దున్నుంచీ ఒడ్డు మీద వినపడిన మొదటి నవ్వది. పెద్దాయన కూడా నవ్వాడు. కొడుకు మాత్రం తడిసిన లుంగీ పిండుకుంటూ తల ఎత్తలేదు. ఆ చెయ్యి వణకడం చూసినవాణ్ణి కాబట్టి నాకు నవ్వు రాలేదు. ఆయన రెండోసారి నిజమే చెప్పాడని నేను అనుకుంటున్నాను. కాని పేటలో ఎవరూ ఆ మాట నమ్మలేదు. నమ్మకపోవడం వాళ్ళ అలవాటు. ఆ ఇంటి అన్నం ఆ అలవాటు మీద నిలబడింది.

మర్నాడు బళ్ళో హెడ్మిస్ట్రెస్ నన్ను పిలిచి చాలా విషయాలు మాట్లాడారు. అందులో ఎక్కువ భాగం న్యాయమైనవే. గోడ మీది ఐదు ప్రశ్నల కింద నేను ఆరోది రాశాను: ఇది చెబితే, చెప్పినవాళ్ళకి ఏం పోతుంది? తెలుగు మాస్టారు చదివి తల ఊపి, "దీన్ని మొదట పెట్టాల్సిందండీ," అన్నారు. చోటు లేదు. కిందే ఉండిపోయింది.

చార్టు తడిసి చెడిపోయింది కాబట్టి మార్కుల కోసం మళ్ళీ చేసి ఇమ్మని ఆ అమ్మాయికి చెప్పాను. ఒక సోమవారం తెచ్చింది. గుర్తులతో దారి ఎలా కనుక్కుంటారో బొమ్మలతో చాలా శుభ్రంగా వివరించింది. ఏ ట్యాంకో, ఏ కొండో మాత్రం లేదు. ఒక కట్టడం, ఒక కొండ, అని ఊరికే రాసింది. కింద ఆధారం ఇలా రాసింది:

‘చెప్పినవారు: మా తాత. రెండుసార్లు చెప్పారు. రెండూ ఒకటి కాదు. ఏది నిజమో సరిచూడలేదు.’

నేను తలెత్తి చూశాను. ఆ పిల్ల ముఖం ఎండకి కమిలిపోయి ఉంది. ముక్కు మీద సన్నగా పొర లేస్తోంది. పెదవులు పగిలాయి. అంత ఎండ ఒక్క రోజులో ఒడ్డు మీద తగలదు. ముందురోజు ఆదివారం వాళ్ళ నాన్న ఆ పిల్లని మొదటిసారి పడవలో తీసుకెళ్ళాడని వెనక బెంచీవాళ్ళు పొద్దున్నే గోల చేశారు.

"సరిచూడలేదా?" అన్నాను.

"లేదు సార్."

రెప్ప వాల్చలేదు. వాళ్ళ గుమ్మంలో కూర్చుని, కళ్ళున్నోల్లందర్నీ సూడనీ అన్నప్పుడు ఆ ముసలాయన నావైపు చూసిన చూపు ఎలాంటిదో అప్పుడు గుర్తుపట్టాను.

చార్టు మూల ‘పరిశీలించాను’ అని నా గడి ఒకటి ఉంటుంది. అందులో సంతకం పెట్టాను.